అరవై దాటితే బండి ఎందుకు వణుకుతుంది?

బండి కబుర్లు

ఈసారి శీర్షికకి వచ్చిన ప్రశ్నల్లో డాలస్ వైపు నుంచి ఒక పాఠకురాలు రాసినది ముందుగా తీసుకుంటున్నాను. ఆవిడ మాటల్లోనే చెప్తాను:

‘మాది 2015 మోడల్ పికప్ ట్రక్కు. నాలుగు తలుపులది. సెకండ్ హ్యాండులో కొన్నాం. ఇప్పటికి 1,18,000 మైళ్ళు తిరిగింది. 58 మైళ్ళ స్పీడు దాకా హాయిగా వెళ్తుంది. 60 దాటిందంటే సీటు కింద వణుకు, చెవుల్లో గుమ్మని ఒక మోత. టైర్ల షాపులో రెండుసార్లు బ్యాలెన్సు చేశారు. తగ్గలేదు. నాలుగు టైర్లూ కొత్తవి వేశారు. తగ్గలేదు. అలైన్‌మెంటు కూడా అయింది. మా ఆయనేమో పాత బండి అంతేలే అంటారు. మా పన్నెండేళ్ళ అమ్మాయి మాత్రం, నువ్వు గ్యాసు మీంచి కాలు తీస్తే మోత మారుతోందమ్మా అంటుంది. జూలైలో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. వెనక క్యాంపరు తగిలించుకుని అందరం యెల్లోస్టోన్ వెళ్దామనుకుంటున్నాం. ఈ బండితో బయల్దేరొచ్చా?’

ఆఖరి ప్రశ్నకి జవాబు ముందు చెప్పేస్తాను. కారణం తెలిసేదాకా బయల్దేరకండి. క్యాంపరు తగిలించుకుని అసలే వద్దు. అలాగని భయపడాల్సిన పనీ లేదు. కారణం కనుక్కోవటానికి పెద్ద ఖర్చు అవదు. ఖర్చంతా కనుక్కోకుండా సామాన్లు మార్చటంలోనే ఉంది. ఇప్పటికే ఆ ఇంట్లో నాలుగు టైర్ల డబ్బు అలా పోయింది. ఆ పన్నెండేళ్ళ పిల్ల చెప్పిన ఒక్క ముక్క షాపులో ఎవరైనా విని ఉంటే అది మిగిలేది. ఎందుకో చెప్తాను.

ఏది దేని వెంట పరుగెడుతోంది?

బండిలో గుండ్రంగా తిరిగే భాగాలు చాలా ఉన్నా, వేగాన్ని బట్టి చూస్తే అవి మూడు జట్లు. చక్రాలు ఒక జట్టు. ట్రాన్స్‌మిషన్ నుంచి వెనక ఇరుసు దాకా బండి కింద పొడుగ్గా ఉండే డ్రైవ్ షాఫ్టు రెండో జట్టు. మన దగ్గర లారీ మెకానిక్కులు దీన్నే ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. ఇంజను, దానికి అంటుకుని ఉన్నవి మూడో జట్టు. ఈ మూడూ ఒకే సమయంలో మూడు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వణుకు ఏ జట్టు వేగాన్ని అనుసరిస్తోందో తేలితే సగం పని అయిపోయినట్టే.

లెక్క చూద్దాం. పిల్లలూ, కాగితం పెన్సిలు తెచ్చుకోండి. 60 మైళ్ళ స్పీడు అంటే నిమిషానికి సరిగ్గా ఒక మైలు. పికప్ ట్రక్కుల్లో మామూలుగా కనిపించే 32 అంగుళాల టైరు ఒక మైలు వెళ్ళటానికి సుమారు 640 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 640, సెకనుకి దాదాపు 11. టైరులో ఒక చోట లోపం ఉంటే సెకనుకి 11 సార్లు అది బండిని కుదుపుతుంది.

ఇప్పుడు డ్రైవ్ షాఫ్టు. వెనక ఇరుసులో ఉన్న గేర్ల నిష్పత్తి చాలా హాఫ్ టన్ ట్రక్కుల్లో మూడుకీ నాలుగుకీ మధ్య ఉంటుంది. 3.55 అనుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి డ్రైవ్ షాఫ్టు మూడున్నర చుట్లు పైగా తిరిగిందని దాని అర్థం. 640ని 3.55తో హెచ్చవేస్తే నిమిషానికి 2,272. సెకనుకి 38.

ఇంజను సంగతి గేరుని బట్టి ఉంటుంది. పై గేరులో 60 మైళ్ళ దగ్గర 1,500 నుంచి 1,800 మధ్య ఉండొచ్చు. అంటే సెకనుకి 25 నుంచి 30.

మనిషి చెవికి సెకనుకి సుమారు 20 కంపనాల నుంచి పైన ఉన్నవే ధ్వనిగా వినిపిస్తాయి. అందుకని టైరు తాలూకు 11 కంపనాలు చెవికి వినపడవు, ఒంటికి తెలుస్తాయి. కప్పులో కాఫీ వణుకుతుంది, స్టీరింగు చేతుల్లో ఊగుతుంది. డ్రైవ్ షాఫ్టు తాలూకు 38 మాత్రం చెవిలో పడుతుంది. అదే ‘గుమ్మని మోత’. ఉత్తరంలో ఆ మాట చూడగానే నాకు టైర్ల మీద అనుమానం సగం పోయింది. కాలు తీస్తే మోత మారుతోందన్న మాటతో మిగతా సగం కూడా చాలావరకు పోయింది. బ్యాలెన్సు తప్పిన టైరుకి మీ కాలు గ్యాసు మీద ఉందో లేదో తెలియదు. దానికి తెలిసింది స్పీడొక్కటే. కాలు తియ్యగానే బరువు మారేది ఇంజను నుంచి వెనక చక్రాల దాకా ఉన్న వరసలో.

అయినా అనుమానం వేరు, రుజువు వేరు. ఆవిడని మూడు పరీక్షలు చేసి చూడమన్నాను. ఎవరైనా చెయ్యొచ్చు. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు కావాలి, ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, పక్క సీట్లో రాసుకునే మనిషి ఒకరు ఉండాలి. నడిపేవాళ్ళు రోడ్డు తప్ప ఇంకేమీ చూడకూడదు.

మొదటిది. వణుకు బాగా తెలిసే స్పీడుకి వెళ్ళి, అదే స్పీడులో ఒక గేరు తక్కువకి మార్చండి. టో-హాల్ మీట ఉంటే అది నొక్కినా కొన్ని బళ్ళలో గేరు మారుతుంది. స్పీడు అదే, ఇంజను వేగం మాత్రం పెరిగింది. వణుకు మారకుండా అలాగే ఉంటే ఇంజను జట్టు నిర్దోషి.

రెండోది. 65 మైళ్ళ దగ్గర గ్యాసు వదిలి, గేరుని న్యూట్రల్‌లోకి తీసుకుని బండిని దానంతట అదే వెళ్ళనివ్వండి. వణుకు పూర్తిగా మాయమైతే ఇంజను లేదా ట్రాన్స్‌మిషన్. అలాగే ఉంటే చక్రాలు లేదా డ్రైవ్ షాఫ్టు. కీ మాత్రం ఆపకండి. స్టీరింగు, బ్రేకు రెండూ బరువెక్కిపోతాయి. కొత్త మోడళ్ళలో, గేరు మీట బదులు గుండ్రటి బొత్తం ఉన్నవాటిలో ఇది చేసేముందు మాన్యువల్ చదవండి.

మూడోది. ఎక్కడ తెలుస్తోందో చూడండి. స్టీరింగులో ఎక్కువగా ఉంటే ముందు చక్రాలవైపు. సీట్లో, నేల మీద ఉంటే వెనక లేదా మధ్యలో. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తుంటే బ్రేకు రోటర్లు చూపించుకోండి, మిగతా ఈ గొడవంతా మీకక్కర్లేదు.

ఫోన్లో కంపనాలు కొలిచే యాప్‌లు ఉన్నాయి. ఫోను సీటు మీదో నేల మీదో కదలకుండా పెట్టి, పక్కవాళ్ళు ఆ అంకె రాసుకుంటే చాలు. 65 మైళ్ళ దగ్గర పై లెక్క ప్రకారం టైరుదైతే సుమారు 12, డ్రైవ్ షాఫ్టుదైతే 41 రావాలి. వాళ్ళమ్మాయి రాసి పంపిన అంకె 41. గేరు మార్చినా అదే, న్యూట్రల్‌లో కూడా కాస్త తగ్గి అదే.

బండి కింద ఏముంది?

కారులో లేని చిక్కు పికప్ ట్రక్కులో ఒకటుంది: దాని పొడవు. ముందు చక్రాలు తిరిగే కార్లలో ఇంజను పక్కనే చక్రాలుంటాయి. పికప్‌లో ఇంజను ముందు, తిరగాల్సిన చక్రాలు వెనక. మధ్యలో అంత పొడుగు గొట్టం సెకనుకి నలభై సార్లు తిరుగుతూ ఉండాలి. పొడవు మరీ ఎక్కువైతే దాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో రబ్బరు మీద కూర్చున్న ఒక బేరింగుతో వేలాడదీస్తారు. గతుకుల్లో వెనక ఇరుసు పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి గొట్టం వంగే వీలుండాలి. అందుకు చివర్లలో ‘యూ జాయింట్లు’ ఉంటాయి. ప్లస్ గుర్తు ఆకారంలో ఒక ఇనప ముక్క, దాని నాలుగు కొసలకీ నాలుగు టోపీలు, టోపీల్లో సూదుల్లాంటి సన్నటి రోలర్లు, కాస్త గ్రీజు. ఆ గ్రీజు ఎండిపోతే రోలర్లు అరిగిపోతాయి. గొట్టం మధ్యగీత మీద ఉండకుండా రవ్వంత పక్కకి జరుగుతుంది. ఆ రవ్వంతే 60 దాటాక వణుకు.

కింద చూడటానికి ఏం కావాలి? చదునైన నేల, చక్రాలకి అటూ ఇటూ అడ్డు చెక్కలు, ఆపేసిన ఇంజను, చల్లారిన సైలెన్సరు, టార్చిలైటు. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలా బళ్ళ కింద జాకీ ఎత్తకుండానే చూడొచ్చు. ఎత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరకూడదు; జాక్ స్టాండ్లు వెయ్యండి, లేకపోతే షాపుకి పంపండి. పిల్లలు బయటే నిలబడి టార్చి పట్టుకుంటారు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

చూడాల్సినవి ఇవి. యూ జాయింటు టోపీల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉందా? ఉంటే లోపల గ్రీజు లేదని అర్థం. డ్రైవ్ షాఫ్టుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ, పైకీ కిందకీ కదిపితే జాయింటు దగ్గర వదులు తెలుస్తోందా? మధ్య బేరింగు చుట్టూ ఉన్న రబ్బరు చిరిగిందా? గొట్టానికి సొట్ట ఉందా, దాని మీద అతికించే చిన్న బరువు ముక్క ఊడిపోయిన గుర్తు ఉందా, మట్టి గడ్డ కట్టిందా? ఇంకొకటి చాలామందికి తట్టదు. ఈమధ్య ట్రాన్స్‌మిషన్ పనో క్లచ్చి పనో చేయించారా? షాఫ్టు విప్పి మళ్ళీ బిగించేటప్పుడు అది ముందున్న స్థానంలోనే కూర్చోవాలి. విప్పేముందు రెండు వైపులా పెయింటుతో గీత పెట్టుకుంటే ఐదు సెకన్ల పని. పెట్టకుండా సగం చుట్టు తేడాతో బిగిస్తే అప్పటిదాకా లేని వణుకు ఆ రోజు నుంచి మొదలౌతుంది. అలాగే ఎత్తు పెంచే కిట్లు వేయించుకున్నవాళ్ళు: బండి పైకి లేస్తే షాఫ్టు వంపు మారుతుంది. ఆ వంపుని సరిచెయ్యకుండా టైర్లు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

డాలస్ ట్రక్కులో తేలింది వెనక యూ జాయింటు. రెండు టోపీల చుట్టూ ఎర్ర పొడి. ఫొటో పంపారు. దాన్ని పట్టుకుని వేరే మెకానిక్కు దగ్గరికి వెళ్ళమన్నాను. రెండు జాయింట్లూ మార్చారు. నాలుగు టైర్లకి పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా అవలేదట. ఆ జాయింటు అలాగే ఇంకా అరిగి, క్యాంపరు లాగుతూ కొండ ఎక్కే చోట తెగి ఉంటే షాఫ్టు కిందకి పడేది. వెనక కొస పడితే ఈడ్చుకుంటూ పోతుంది, చుట్టూ ఉన్నవాటిని కొట్టేస్తుంది. ముందు కొస పడితే రోడ్డులో దిగబడి బండినే ఎత్తెయ్యగలదు. అందుకే కారణం తెలిసేదాకా వద్దన్నాను.

టైర్లదే తప్పయినప్పుడు

టైర్లని అంతగా వెనకేసుకొచ్చాను గానీ, నిజానికి ఎక్కువ బళ్ళలో దోషి అవే. అద్దం మీద సుత్తి దెబ్బ లాంటి ఒక లెక్క చెప్తాను. 18 అంగుళాల రిమ్ము అంచున ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల బరువు ముక్క ఊడిపోయిందనుకోండి. 30 మైళ్ళ దగ్గర ఆ లోటు చక్రాన్ని పౌనున్నర బరువుతో లాగుతుంది. 60 దగ్గర ఆరు పౌన్ల పైన. స్పీడు రెట్టింపైతే లాగుడు నాలుగింతలౌతుంది. అదీ సెకనుకి 11 సార్లు. ఇరుసు, చక్రం, స్ప్రింగు కలిసి సహజంగా ఊగే వేగం కూడా సెకనుకి 10, 15 మధ్యే ఉంటుంది. ఉయ్యాల వెనక్కొచ్చినప్పుడల్లా సరిగ్గా అదే క్షణంలో తోస్తే ఎలా ఎత్తుకి లేస్తుందో తెలుసు కదా. అలా ఆ రెండూ కలిసే చోటు 55, 70 మైళ్ళ మధ్య పడుతుంది. కొన్ని బళ్ళు 62 దగ్గర వణికి 75 దగ్గర నెమ్మదించటానికి కారణం ఇదే. నెమ్మదించింది కదా అని 75లో వెళ్ళటం వైద్యం కాదు, పోలీసుకి కట్నం.

వణుకు నిలకడగా ఉండక, నాలుగైదు సెకన్లకోసారి వచ్చి పోతూ ఉంటే అనుమానం ఒకటి కాదు, రెండు చక్రాల మీద. సంగీతం నేర్చుకునే పిల్లలకి ఇది తేలిక. తంబురా తీగలు రెండు సరిగ్గా శ్రుతి కలవకపోతే శబ్దం ఊగుతూ ఉంటుంది చూడండి. రెండు టైర్లు రవ్వంత తేడాతో తిరుగుతూ ఒకసారి కలిసి కుదిపి, ఇంకోసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అదే ఊగుడు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఒకటుంది. ఆరు వారాలు ఇండియా వెళ్తాం. బండి డ్రైవ్‌వేలో ఒకే చోట నిలబడి ఉంటుంది. టైరు నేలకి ఆనిన చోట చదునెక్కుతుంది. తిరిగొచ్చి, జెట్‌లాగ్‌తో ఆఫీసుకి బయల్దేరితే బండి దడదడలాడుతుంది. వెంటనే షాపుకి పరుగెత్తకండి. గాలి సరిచూసి, హైవే మీద అరగంట నడపండి. టైరు వేడెక్కితే చాలావరకు మళ్ళీ గుండ్రబడుతుంది. రెండు మూడు రోజులైనా పోకపోతే అప్పుడు చూపించండి. వెళ్ళే ముందు పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి వారానికోసారి వీధి చుట్టూ తిప్పమంటే అసలు రాదు. మంచు పడే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇంకొకటి. రిమ్ము లోపల మంచు గడ్డకట్టినా, బురద ఎండిపోయినా అచ్చం ఇదే వణుకు. పది డాలర్ల కార్ వాష్‌తో పోయే రోగం.

బ్యాలెన్సు రెండుసార్లు చేసినా పోకపోతే ‘రోడ్ ఫోర్స్ బ్యాలెన్సు’ చేసే షాపు వెతకండి. మామూలు యంత్రం టైరుని గాల్లో తిప్పుతుంది. ఇది ఒక రోలరుతో టైరుని గట్టిగా నొక్కి తిప్పుతుంది, రోడ్డు మీద బరువు పడ్డట్టు. గాల్లో గుండ్రంగా కనిపించే టైరు బరువు పడగానే ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉండొచ్చు. అది ఇక్కడే బయటపడుతుంది.

శబ్దానికి మన భాషలో పేరు

సర్వీసు డెస్కు దగ్గర ‘నాయిస్’ అని చెప్పి వచ్చేస్తాం. మెకానిక్కు ఆ మాటతో ఏం చేస్తాడు? తెలుగులో శబ్దాలకున్నన్ని పేర్లు వాడుకుంటే సగం రోగ నిర్ధారణ ఇంట్లోనే అయిపోతుంది. వెనక సీట్లో పిల్లలకి ఈ ఆట పెట్టండి. మోతకి తెలుగు పేరు పెట్టమనండి. తరవాత దాన్ని ఇంగ్లీషులోకి మార్చి కాగితం మీద రాయటం వాళ్ళకి మనకన్నా బాగా వచ్చు.

కిచకిచ: నెమ్మదిగా వెళ్తున్నప్పుడు పిచ్చిక కూతలా, చక్రం వేగంతో పాటు పెరుగుతూ ఉంటే ఎండిపోయిన యూ జాయింటు. ఠంగ్: గేరు డ్రైవ్ నుంచి రివర్సుకి మార్చినప్పుడు ఒక్క దెబ్బ వినిపిస్తే డ్రైవ్ షాఫ్టు వరసలో ఎక్కడో వదులు. గుయ్యిమని మొదలై స్పీడుతో పాటు పెరిగేది చక్రం బేరింగు కావచ్చు, అరుగుదల సమంగా లేని టైరు కావచ్చు. రెండిటినీ విడదీసే ఉపాయం: కొత్త తారు రోడ్డు ఎక్కినప్పుడు శబ్దం మారితే టైరు. మారకుండా, ఎడమవైపు ఒంపు తిరిగినప్పుడు పెరిగి కుడివైపు తగ్గితే కుడి బేరింగు, ఎందుకంటే ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడివైపు పడుతుంది. వెనక నుంచి ఊళ వేసినట్టుండి, గ్యాసు తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటే డిఫరెన్షియల్ గేర్లు లేదా వాటి బేరింగు. ముందు అందులో ఆయిలు ఉందో లేదో చూడమనండి. లొడలొడ: సాధారణంగా సైలెన్సరు మీది రేకు, అంత కంగారు అక్కర్లేదు.

రోడ్డు పక్కన గీసిన గరుకు గీతల మీద వెళ్తున్నట్టు, నెమ్మదిగా గ్యాసు తొక్కి ఉంచినప్పుడు రెండు మూడు సెకన్లు జరజరలాడి ఆగిపోయేది వేరే జబ్బు. అది ట్రాన్స్‌మిషన్‌లోని టార్క్ కన్వర్టరు. జనరల్ మోటార్స్ 2015 నుంచి 2019 దాకా చేసిన కొన్ని ఎనిమిది గేర్ల బళ్ళలో ఇది బాగా వినిపించిన ఫిర్యాదు. ఆ కంపెనీ చెప్పిన మందు ట్రాన్స్‌మిషన్ ఆయిలు పూర్తిగా తీసేసి వేరే రకం ఆయిలు నింపటం. అలాంటి బండి ఉన్నవాళ్ళు టైర్ల షాపు వైపు వెళ్ళకుండా ముందు డీలరుతో మాట్లాడండి.

పిల్లలకి నచ్చేది ఒకటి మిగిలింది. 45 మైళ్ళ దగ్గర వెనక అద్దం ఒక్కటే దించితే చెవులు పగిలేలా గుబగుబమని కొడుతుంది కదా. అందులో బండి తప్పేమీ లేదు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమ్మని పలుకుతుంది. మీరు కూర్చున్నది అలాంటి సీసాలోనే. ఇంకో అద్దం రెండంగుళాలు దించండి, ఆగిపోతుంది. అలాగే హైవే మీద ఈలలాగా వినిపించే శబ్దానికి తలుపు అంచులు, పైన రాక్, బెడ్డు మీది కవరు కారణం కావచ్చు. పెయింటర్లు వాడే నీలం టేపు అనుమానమున్న సందుల మీద ఒక్కొక్కటే అంటించి నడిపి చూడండి. ఏ టేపు దగ్గర ఈల ఆగితే అదే చోటు.

ఇంటిదాకా కూడా నడపకూడనివి

టపటపమని ఒకే లయలో కొడుతూ, రోజురోజుకీ లేదా మైలు మైలుకీ పెరిగే వణుకుని హైవే మీద పరీక్షించకండి. పక్కకి తీసి ఆపండి. టైరు పక్కభాగంలో బుడిపె ఉన్నా, పై తోలు లేస్తున్నా ఆ టైరు మీద ఇంక ఒక్క మైలు వద్దు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవి. పై పొర ఊడిపోయి బళ్ళు బోల్తా పడ్డాయి, ఎంతోమంది పోయారు. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం వల్ల 2008 మోడళ్ళ నుంచి అన్ని కార్లలో, పికప్‌లలో టైరు గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం తప్పనిసరి అయింది. ఆ దీపం వెలిగినా రేపు చూద్దాంలే అనుకునేవాళ్ళు మన పార్కింగు లాట్లలో తక్కువేం లేరు.

సెకండ్ హ్యాండు ట్రక్కు కొన్నవాళ్ళు టైరు పుట్టినరోజు కూడా చూడండి. టైరు పక్కన డీవోటీ అనే అక్షరాల తరవాత వరసలో ఆఖరి నాలుగంకెలు. 2319 అంటే 2019లో 23వ వారం. పుట్ట కొత్తగా మెరుస్తున్నా పదేళ్ళ టైరు పదేళ్ళదే.

చక్రం ఈమధ్య విప్పి బిగించాక వణుకు మొదలైతే లగ్ నట్లు వదులయ్యాయేమో ముందు చూడండి. అసలు టైర్ల పని అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మైళ్ళ మధ్య మళ్ళీ ఒకసారి టార్క్ రెంచితో బిగించి చూడాలి. చాలా హాఫ్ టన్ ట్రక్కులకి అది 130 నుంచి 150 అడుగు-పౌండ్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్లో ఉంటుంది. డాలస్ వారికి కూడా ఇది చెప్పాను, కొత్త టైర్లు వేసి మూడు నెలలైనా ఎవరూ చూడలేదట.

షాపుకి ఇచ్చే కాగితం

పిల్లల చేతిరాతతో ఇలా ఉంటే చాలు: ‘62 నుంచి 70 మైళ్ళ మధ్య. సీట్లో ఎక్కువ, స్టీరింగులో లేదు. గేరు మార్చినా తగ్గలేదు. న్యూట్రల్‌లో ఉంది. కాలు తీస్తే మోత మారుతుంది. బ్రేకుకి సంబంధం లేదు. ఖాళీగా ఉన్నా, బరువున్నా ఉంది. మార్చి నుంచి మొదలు. ఫోన్లో 65 దగ్గర సెకనుకి 41.’ ఇది చదివిన మెకానిక్కు మీకు టైర్లు అమ్మటానికి మొహమాటపడతాడు. వీలైతే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోడ్డు మీదే ఒకసారి నడిపి చూపించండి. చాలా షాపులు ఒప్పుకుంటాయి, అడిగేవాళ్ళే తక్కువ.

బండి 17 అంకెల వీఐఎన్ నంబరు కూడా కాగితం పైన రాయండి. ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే చెయ్యాల్సిన రీకాల్ ఏమైనా మిగిలి ఉందేమో తెలుస్తుంది. రీకాల్ పనికి డీలరు డబ్బు తీసుకోడు. పాత యజమాని చేయించకుండా వదిలేసినా సరే.

కాగితం కాపీ ఒకటి గ్లవ్ బాక్సులో ఉంచుకోండి. బాగుచేశారన్నాక అదే రోడ్డు మీద, అదే స్పీడులో, అవే పరీక్షలు మళ్ళీ చేసి అంకెలు పక్కన రాయాలి. డాలస్ ట్రక్కుని అలా నడిపి చూశారు. 65 దగ్గర ఫోన్లో ఆ 41 కనిపించలేదు. ఇక క్యాంపరు సంగతి. హిచ్చి మీద ఎంత బరువు పడాలి, ఎక్కువైతే, తక్కువైతే ఏమౌతుంది అని ఆవిడే ఇంకో ప్రశ్న పంపారు. అది వచ్చే సంచికలో.